పిల్లల్ని ఉత్తరం మొత్తం చదవనిద్దాం

(ఒంగోలులో సండేస్కూల్ టీచర్లకు, యూత్ లీడర్లకు జరిగిన ఒక రోజు శిక్షణలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పాస్టరు గారు నన్ను పిలిచి, "యవ్వనస్థులకు దేవుని మీద నమ్మకం పెట్టడం ఎలా నేర్పాలో చెప్పండమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ల పైగా పిల్లలకు వాక్యం చెబుతున్నాను. అయినా ఆ మాట వినగానే నాకు ఒకే ఒక అమ్మాయి మొహం గుర్తొచ్చింది. ఆ అమ్మాయి సంగతితోనే మొదలుపెడతాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన మీకందరికీ తెలుసు. పన్నెండు కొట్టాక ప్రార్థన చేసి, పళ్లెంలో వాగ్దాన కార్డులు పెట్టి తిప్పుతారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకుని, వెలుతురు దగ్గరికి వెళ్లి చదువుకుంటారు. కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక రాత్రి ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా క్లాసు పిల్లకు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వచ్చింది. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఆ పిల్లకు డాక్టర్ కావాలని ఆశ. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. కార్డు తీసుకెళ్లి ఫిజిక్స్ పుస్తకం అట్ట లోపల అంటించుకుంది. తెల్లవారుజామున లేచి, ఆ వచనం చదువుకుని, తర్వాత పుస్తకం తెరిచేది.

నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. రిజల్ట్ వచ్చిన వారానికి మా ఇంటికి వచ్చి, అట్ట నుంచి ఊడదీసిన ఆ కార్డును టేబుల్ మీద పెట్టింది. "టీచర్, ఈ మాట నాకు కాదా? లేకపోతే దేవుడు మాట తప్పాడా?" అని అడిగింది. ఏడవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నేను ఏం చెప్పానో మీకు దాచకుండా చెప్పాలి. "దేవుడు నీకోసం ఇంతకన్నా మంచిది దాచి ఉంచాడమ్మా" అన్నాను. మనమందరం చెప్పే మాటే కదా! ఆ పిల్ల తల ఊపి, టీ తాగి వెళ్లిపోయింది. తర్వాత ఏడాదిన్నర పాటు మందిరానికి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల అడిగింది ప్రశ్న, నేను చెప్పింది ఓదార్పు. ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ వాక్యం ఎక్కడిదో చూడాలి కదా అనిపించి, బైబిల్ తీసి అధ్యాయం మొదటి నుంచి చదివాను. అంతకు ముందు చదవలేదని కాదు. ఎన్నోసార్లు చదివాను. కానీ ఫెయిలైన ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె కళ్లతో చదవడం అదే మొదటిసారి.

యిర్మీయా 29 ఒక ఉత్తరం. యెరూషలేములో ఉన్న ప్రవక్త, బబులోనుకు చెరగా వెళ్లిన తనవాళ్లకు రాసిన ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి రాజును, రాజు తల్లిని, అధిపతులను, కంసాలులను, పనివాళ్లను పట్టుకుపోయాడు. ఊళ్లో చేయి తిరిగిన మనుషులందరినీ ఏరి తీసుకుపోయాడన్నమాట. దూరం ఎంతంటే, తర్వాతి కాలంలో ఎజ్రా బబులోను నుంచి యెరూషలేముకు రావడానికి నాలుగు నెలలు పట్టిందని బైబిల్లోనే ఉంది. అంత దూరం పోయినవాళ్లు ప్రతి ఉదయం లేవగానే అడిగే ప్రశ్న ఒకటే: ఇంటికి ఎప్పుడు?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. ఇరవై ఎనిమిదో అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా తిరిగి వస్తుంది, మందిరపు పాత్రలు వస్తాయి, రాజు వస్తాడు, చెరలో ఉన్నవాళ్లు వస్తారు అని దేవుని పేరు చెప్పి జనం ముందు ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. కాడి విరగ్గొట్టకముందు, ఆ ప్రకటన వినగానే యిర్మీయా ఏమన్నాడో చూడండి. "ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక" అని మొదలుపెట్టాడు. ఆయనకూ అదే కావాలి. తన జనం కష్టపడాలని ఆయనకేమీ లేదు. కానీ దేవుడు ఆ మాట చెప్పలేదు. చెప్పని మాటను దేవుని నోట పెట్టినందుకు హనన్యా ఆ ఏడాదిలోనే చనిపోయాడు.

ఇప్పుడు 29వ అధ్యాయం తెరిస్తే పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది. "బబులోను రాజ్యమునకు డెబ్బది సంవత్సరములు గతించిన తరువాతనే" అని. డెబ్బై సంవత్సరాలు. ఆ ఉత్తరం చేతుల్లోకి తీసుకుని చదివిన ముప్పై ఏళ్ల మనిషి అక్కడే లెక్క వేసుకుని ఉంటాడు, తను తిరిగి వెళ్లడని. మనం కార్డు మీద అచ్చు వేసి పంచుతున్న మాట, తమ జీవితకాలంలో ఇల్లు చూడని మనుషులకు దేవుడు రాసిన మాట. అయినా అది మంచి మాటే. మంచి మాట కాబట్టే చెబుతున్నాను, దాన్ని సగానికి కత్తిరించి ఇవ్వకూడదని.

మనం పిల్లలకు తెలియకుండానే హనన్యా మాటను యిర్మీయా పేరు మీద చెబుతున్నాం. రెండేళ్లలో వస్తుంది, ఈ ఏడాదే వస్తుంది, ఈ పరీక్షకే వస్తుంది అని. కార్డులు పంచడం తప్పని నేను అనను. మా ఇంట్లో గోడకు ఇప్పటికీ ఒకటి ఉంది. కానీ జనవరి మొదటి ఆదివారం సండేస్కూల్లో పిల్లలందరి కార్డులూ తెప్పించి, ఒక్కొక్క వచనం ఏ అధ్యాయంలోదో తీసి, దాని ముందూ వెనకా ఏముందో వాళ్ల చేతే చదివించండి. ఏడాదంతటికీ అంతకు మించిన పాఠం నాకు తెలియదు.

తెలుగు టీచర్ని కాబట్టి ఒక చిన్న మాట. ఆ వచనంలో రెండు పదాలు మన పిల్లలకు అడ్డం పడతాయి. ఒకటి సమాధానం. బడిలో సమాధానం అంటే ప్రశ్నకు జవాబు. బైబిల్ తెలుగులో సమాధానం అంటే శాంతి, క్షేమం. రెండోది నిరీక్షణ. బైబిల్లో హోప్ అనే అర్థంలో వాడారు. కానీ మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బస్సు కోసం నిరీక్షించాం అంటాం. ఈ రెండు అర్థాలూ ఒకే పదంలో ఉండటం మన భాషకు దక్కిన వరమని నేను అనుకుంటాను. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ" అన్నప్పుడు తెలుగు పిల్లకు అందులో ఎదురుచూపు కూడా వినపడుతుంది. వినపడాలి. డెబ్బై ఏళ్ల సంగతి పక్క వచనంలోనే ఉంది మరి. పాత తెలుగు కష్టంగా ఉందని పిల్లలు అంటే వాడుక భాష అనువాదం కూడా పక్కన పెట్టండి, రెండూ చదివించండి. పాతదాన్ని మాత్రం తీసేయకండి.

సరే, ఆ డెబ్బై ఏళ్లు ఏం చేయమన్నాడు దేవుడు? ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి. ఆ తర్వాత ఏడో వచనంలో అన్నిటికన్నా కష్టమైన పని చెప్పాడు. మిమ్మల్ని చెరపట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. మా క్లాసులో ఒక అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేవాడు. పొద్దున అయిదున్నరకు లేపితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. సెలవులకు వస్తే తిరిగి వెళ్లేటప్పుడు జ్వరం తెచ్చుకునేవాడు. ఒక సంక్రాంతి సెలవుల్లో ఈ అధ్యాయం చదివాం. నేనేమీ చెప్పలేదు. వాడే ఏడో వచనం దగ్గర ఆగి, "టీచర్, బబులోను అంటే మా హాస్టలే" అన్నాడు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. "అయితే అక్కడ ఎవరి క్షేమం కోరతావు నాన్నా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, అన్నం వడ్డించే ముసలాయన పేరు చెప్పాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులట. ఆ రోజు నుంచి ఆయన కోసం ప్రార్థన చేయడం మొదలుపెట్టాడు. హాస్టల్ మారలేదు, టైమ్‌టేబుల్ మారలేదు. జ్వరం మాత్రం మళ్లీ రాలేదని వాళ్లమ్మ చెప్పింది.

దేవుని మీద నమ్మకం పిల్లలకు వచ్చేది అలా. మనం నిర్వచనం చెబితే రాదు. చదివిన మాటలో చిన్న పని ఒకటి దొరికి, దాన్ని చేసి చూసినప్పుడు వస్తుంది.

ఇప్పుడు ఇంకొక మనిషి సంగతి. దానియేలు. చిన్నవాడిగా ఉన్నప్పుడే బబులోనుకు పట్టుకుపోయారు. పేరు మార్చారు, భాష నేర్పారు, రాజు భోజనం పెట్టారు. మన పిల్లలు సింహాల గుహ బొమ్మలో దానియేలును కుర్రవాడిలా చూస్తారు. లెక్క చూస్తే సింహాల గుహలో పడేసేనాటికి ఆయన ఎనభై ఏళ్ల ముసలివాడై ఉండాలి. బబులోను క్రీ.పూ. 539లో పడిపోయాక వచ్చిన రాజు కాలంలో అది జరిగింది. అదే రాజు ఏలిన మొదటి ఏడాదిలో, తొమ్మిదో అధ్యాయంలో, దానియేలు ఏం చేస్తున్నాడో చూడండి. యిర్మీయాకు వచ్చిన మాటను గ్రంథాల్లో చదువుతున్నాడు. డెబ్బై సంవత్సరాలు అన్న ఆ మాటే! బైబిల్ స్టడీ చేస్తున్న మనిషిని బైబిల్లోనే చూడాలంటే ఇక్కడ చూడండి. ఆ కుర్రవాడు ముసలివాడయ్యేదాకా ఆ ఉత్తరాన్ని వదల్లేదు. చదివాక సంతోషంతో గంతులు వేయలేదు. ఉపవాసం ఉండి, గోనెపట్ట కట్టుకుని, తన జనం పాపాలు ఒప్పుకుంటూ ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆయన యెరూషలేముకు తిరిగి వెళ్లినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. కిటికీలు మాత్రం యెరూషలేము వైపు తెరిచి ఉండేవి. రోజుకు మూడుసార్లు మోకాళ్లూని ప్రార్థించేవాడు. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం వచ్చిన రోజు కూడా "యథాప్రకారముగా" చేశాడని రాసి ఉంది. ఈ యథాప్రకారం అన్న మాట మీద నేను ఒక ఆదివారం మొత్తం పాఠం చెబుతాను. ఆపద వచ్చిన రోజు కొత్తగా నమ్మకం తెచ్చుకోలేదాయన. రోజూ చేసే పనే ఆ రోజూ చేశాడు.

దానియేలు స్నేహితులు ముగ్గురి మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. షద్రకు, మేషాకు, అబేద్నెగో. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనందుకు వాళ్లను పడేసిన అగ్నిగుండం కథ చెప్పని సండేస్కూల్ లేదు. నాలుగో మనిషి కనిపించాడని, వాళ్ల వెంట్రుకలు కూడా కాలలేదని చెబుతాం. దానికి ముందు వాళ్లు రాజుతో అన్న మాటను మాత్రం గబగబా దాటేస్తాం. మా దేవుడు రక్షించగలడు అన్నారు. వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. మీ క్లాసులో పిల్లల్ని ఆ మాట దగ్గర ఆపండి. ఈ మాట అన్నప్పుడు వాళ్లకు తర్వాత ఏం జరుగుతుందో తెలుసా అని అడగండి. తెలియదు. కథ చివర మనకు తెలుసు కాబట్టి మనకు భయం లేదు. వాళ్లకు ఇంకా చివర రాలేదు. మన పిల్లలు కూడా తమ కథలో అలాంటి చోటే ఉన్నారు. అక్కడి నుంచే వాళ్లు దేవుణ్ని నమ్మాలి.

యూత్ లీడర్లు తరచూ నన్ను అడిగేది, "పిల్లలు ప్రశ్నలు అడిగితే వాళ్ల విశ్వాసం పోతుందేమో కదమ్మా?" అని. నాకైతే అడగని పిల్లల గురించే భయం. బైబిల్లో ఉన్న 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. పదమూడో కీర్తన తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు ఎంతవరకు, ఎంతకాలం అని దావీదు అడుగుతాడు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దేవుణ్నే నిలదీస్తాడు. చివరికి పాటలోకి వస్తాడు, నిజమే. కానీ ఎనభై ఎనిమిదో కీర్తన పాటలోకి రాదు. చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది. అది కూడా దేవుడు తన పుస్తకంలో ఉండనిచ్చాడు. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో నుంచి, "రాబోవువాడవు నీవేనా, మేము మరి యొకని కొరకు కనిపెట్టవలెనా?" అని యేసు ప్రభువును అడిగించాడు. ప్రభువు కోప్పడలేదు. చూసినవీ విన్నవీ వెళ్లి చెప్పండన్నాడు. యోహాను శిష్యులు తిరిగి వెళ్లాక జనం ముందు యోహానును మెచ్చుకున్నాడు కూడా. అడిగిన ప్రశ్నకు అంత గౌరవం దొరికినచోట నమ్మకం పెరుగుతుంది. నేను ఆ అమ్మాయి ప్రశ్నకు ఆ గౌరవం ఇవ్వలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో పేపర్లలో ఎలాంటి వార్తలు వస్తాయో మీకు తెలుసు. మనసు విరిగిపోయిన పిల్లవాడి దగ్గరికి వెళ్లి, "నీకు విశ్వాసం తక్కువ, అందుకే ఇలా అవుతోంది" అని దయచేసి ఎవరూ అనకండి. ఏలీయా ప్రవక్త కర్మెలు పర్వతం మీద అంత గొప్ప కార్యం చూసిన కొద్ది రోజులకే బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించాడు. మాట్లాడటం ఆ తర్వాత. కాబట్టి మన పిల్లల్లో ఎవరైనా అన్నం మానేసి, నిద్ర లేక, బతకాలని లేదని అంటుంటే ముందు పక్కన కూర్చోండి, తినిపించండి, ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 మీ ఫోన్లలో పెట్టుకోండి, తెలుగులో కూడా మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం నమ్మకం లేకపోవడం కాదు. ఏలీయాకు రొట్టె కూడా దేవుడే పంపాడు.

ఇక క్లాసు ఎలా నడపాలన్నది. నేను చేసే పద్ధతి చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి.

చాలాచోట్ల గుండ్రంగా కూర్చుని తలా ఒక వచనం చదువుతారు. నేను అది మానేశాను. ఎందుకంటే పిల్లవాడు తన వంతు వచనం ఏదో లెక్కపెట్టుకుని, దాన్నే మనసులో నాలుగుసార్లు చదువుకుంటూ కూర్చుంటాడు. మిగతాది వినడు. ఇప్పుడు ఒకరే అధ్యాయం మొత్తం చదువుతారు, మిగతావాళ్లు పుస్తకాలు మూసి వింటారు. యిర్మీయా ఉత్తరం కూడా మొదట అలాగే విని ఉంటారు కదా, ఒకరు చదువుతుంటే చుట్టూ నిలబడి! ఆ తర్వాత పుస్తకం తెరవకుండా, "మీ అమ్మకు చెప్పినట్టు చెప్పండి" అంటాను. మూడు నాలుగు నోళ్ల నుంచి ఆ కథ ఇంటి తెలుగులో బయటికి వస్తుంది. ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందుకుంటారు. అప్పుడు పుస్తకాలు తెరిచి ఎక్కడ తప్పారో వాళ్లే చూసుకుంటారు. సగం పాఠం అక్కడే అయిపోతుంది.

తర్వాత ప్రశ్నలు. ఎవరు ఎవరితో అన్నారు, అప్పుడు వాళ్ల పరిస్థితి ఏమిటి అన్నవి మామూలుగా అడిగేవే. నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇక్కడ దేవుడు ఏం మాట ఇవ్వలేదు? ఈ ప్రశ్నకు పిల్లలు మొదట తికమకపడతారు. మెల్లగా అలవాటవుతుంది. ఇరవై మూడో కీర్తనలో గాఢాంధకారపు లోయ ఉండదని దేవుడు మాట ఇవ్వలేదు టీచర్, తోడు ఉంటానని మాత్రమే ఇచ్చాడు అని పదో తరగతి పిల్ల ఒకతె చెప్పింది. ఇచ్చిన మాట ఏదో, ఇవ్వనిది ఏదో తెలిసిన పిల్లకు దేవుడు మోసం చేశాడన్న అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

నోట్‌బుక్ ఒకటి పెట్టించండి. ఎడమ పేజీలో చదివింది, కుడి పేజీలో తను దేవుణ్ని అడిగేది, తేదీతో. ఆ నోట్‌బుక్ మీరు దిద్దకండి, చూపించమని అడగకండి. ఎర్ర పెన్ను అక్కడికి రాకూడదు. అది వాళ్లకూ దేవునికీ మధ్యది. మీకు తెలియని ప్రశ్న వస్తే, "నాకు తెలియదు నాన్నా, వచ్చే వారం కలిసి వెతుకుదాం" అనండి. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పిన మాటనే దినదినం లేఖనాల్లో పరిశోధించి చూశారు. పౌలునే సరిచూసినప్పుడు మనల్ని సరిచూస్తే నామోషీ ఏముంది?

ఫోన్ల గురించి చాలామంది బాధపడుతున్నారు. ఫోన్‌లో బైబిల్ చదవొద్దని నేను అనను. రాత్రి బస్సులో వెళ్లే పిల్లకు ఆడియో బైబిల్ ఎంత మేలో! స్టేటస్‌లో పెట్టే ఒక్క వచనం దగ్గర మాత్రం ఆగిపోవద్దంటాను. పెట్టిన రోజు ఆ అధ్యాయం కూడా చదివే అలవాటు చేయించండి, చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. తిమోతి విశ్వాసం మొదట వాళ్ల అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలు రాశాడు. మా క్లాసులో ఒక పిల్లవాడి తల్లి కువైట్‌లో ఇళ్లల్లో పనిచేస్తుంది. వాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఆమెకు చదువు రాదు. వాడికి నేను ఇచ్చే హోంవర్క్ ఒకటే: చదివిన అధ్యాయం అమ్మమ్మకు చదివి వినిపించు, ఆమె ఏమందో వచ్చి నాకు చెప్పు. యోసేపును పదిహేడేళ్లప్పుడు అమ్మేశారు, ముప్పై ఏళ్లకు ఫరో ముందు నిలబడ్డాడు అని వాడు చదివి వినిపిస్తే, ఆమె "పదమూడేళ్లు వాళ్ల నాన్న అన్నం ఎట్లా తిన్నాడో" అందట. ఇన్నేళ్ల నా పాఠాల్లో యాకోబు అన్నం సంగతి ఒక్కసారి కూడా నాకు తోచలేదు. పిల్లవాడికి అమ్మ గుర్తొచ్చి ఉంటుంది. ఆ తర్వాతి వారం వాడు ప్రార్థనలో మొదటిసారి గట్టిగా నోరు తెరిచి, అమ్మ పేరు చెప్పాడు.

మనం ఒంగోలులో కూర్చుని ఇదంతా మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఈ ఊరి కొండను మరిచిపోకూడదు. తెలుగువాళ్ల మధ్య అమెరికన్ బాప్టిస్టుల పని 1836లో మొదలైంది. ఏళ్లు గడిచినా ఫలితం కనిపించక, ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలోని వాళ్లు ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో మన తెలుగు విశ్వాసులు ముగ్గురు, మొత్తం ఐదుగురు ఆ కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని అడిగారు. ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఇక్కడికి వచ్చింది 1866లో. పన్నెండేళ్ల తర్వాత. 1876లో మొదలైన కరువులో జనం అల్లాడుతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం ఎవరూ బాప్తిస్మం తీసుకోకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనందరికీ నోటికి వచ్చు. దాని వెనకున్న ఇరవై నాలుగేళ్లు మాత్రం పిల్లలకు చెప్పం. అంకె చెప్పేటప్పుడు ఆ చలికాలపు చీకట్లో కొండ దిగిన ఐదుగురి సంగతి కూడా చెప్పండి. దిగేటప్పటికి వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. వీలైతే పిల్లల్ని ఒక ఉదయం ఆ కొండ ఎక్కించి, అక్కడ కూర్చోబెట్టి యిర్మీయా ఉత్తరం చదివించండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ఆపుతాను. ఏడాదిన్నర తర్వాత ఒక శనివారం సాయంత్రం తనంతట తనే వచ్చింది. నేను మొదట క్షమాపణ అడిగాను. "ఆ రోజు నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదమ్మా. ఇప్పుడు కలిసి చదువుదామా?" అన్నాను. ఇద్దరం 28, 29 అధ్యాయాలు చదివాం. డెబ్బై సంవత్సరాల దగ్గర ఆగి, "అయితే వాళ్లలో చాలామంది అక్కడే చనిపోయారా టీచర్?" అంది. అవునన్నాను. "తెలిసి కూడా తోటలు నాటారా?" అంది. అవునన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఆమె డాక్టర్ కాలేదు. ఎం.ఎల్.టి. కోర్సు చేసి ఇప్పుడు ఒక ల్యాబులో పనిచేస్తోంది. పొద్దున్నే పరగడుపున వచ్చి భయంతో చెయ్యి చాచే ముసలివాళ్లకు నొప్పి తెలియకుండా రక్తం తీస్తుందని మా వీధివాళ్లే చెబుతారు. ఆ పాత కార్డు ఇంకా ఆమె బైబిల్లోనే ఉంది. వెనకవైపు పెన్నుతో "పదో వచనం కూడా" అని రాసుకుంది. ఇప్పటికీ డాక్టర్ కానందుకు బాధ ఉందా అని ఒకసారి అడిగాను. ఉంది టీచర్, ఆయనకు చెబుతూనే ఉంటాను అంది.

నూట ముప్పై ఒకటో కీర్తనలో చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం ఉంది అంటాడు దావీదు. పాలు తాగే బిడ్డ తల్లి ఒడిలోకి రాగానే పాల కోసం వెతుక్కుంటుంది. పాలు మాన్పించేటప్పుడు ఎంత ఏడుస్తారో, తల్లి కూడా ఎంత ఏడుస్తుందో ఇక్కడున్న అమ్మలకు తెలుసు. మానేసిన బిడ్డ కూడా అదే ఒడిలోకి వస్తుంది. ఊరికే వచ్చి కూర్చుంటుంది.

టీ వచ్చేలోపు మనకు ఇంకా అరగంట ఉంది. అందరూ యిర్మీయా 29వ అధ్యాయం తీయండి. తీశాక పుస్తకాలు మూసేయండి. చివరి వరసలో ఆకుపచ్చ చుడీదార్‌లో ఉన్న అమ్మాయీ, నువ్వు చదువు తల్లీ. ఒకటో వచనం నుంచి, తొందరపడకుండా. మేమంతా వింటాం.